సక్కుబాయి ఉండిపోయిన శనివారం

మణికొండలో మేముండే అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో, మా ఫ్లాటుకు ఎదురుగా లక్ష్మీనారాయణగారూ ఆయన కొడుకు సురేంద్రా ఉంటారు. వాళ్లది ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లె. పెద్దాయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నొసట నామం లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. సురేంద్ర హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు. దేవుడు లేడని పదిమందిలో గట్టిగా చెబుతాడు, ఫేస్‌బుక్‌లో రాస్తాడు కూడా. అతని రాతలకు చదివేవాళ్లు బాగానే ఉన్నారు. భార్య స్వాతి ఉద్యోగం పుణేలో. నెలకోసారి వచ్చి రెండు రోజులుండి వెళుతుంది. ఇద్దరు మగవాళ్ల ఇల్లు కనుక వంటకు సక్కుబాయిని పెట్టుకున్నారు.

సక్కుబాయిది శంకర్‌పల్లి అవతల ఊరు. భర్త మొగిలి బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తాడు. పుప్పాలగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లు. ఒక్కతే కూతురు, ప్రశాంతి. డిగ్రీ రెండో సంవత్సరం చదివేది. సక్కుబాయికి చదువు రాదు. కరెంటు బిల్లు దగ్గర్నుంచి మందుచీటీ దాకా ఏదైనా ఇంటికి పట్టుకెళ్లి కూతురితో చదివించుకునేది. ముందు మా ఇంట్లో గిన్నెలు తోమి, తర్వాత ఎదురింట్లో వంటకు వెళ్లేది. అందుకే నాకు ఆమె సంగతులన్నీ తెలుసు.

ఎదురింట్లో పొద్దున కాఫీ దగ్గర మొదలయ్యే వాదన సురేంద్ర ఆఫీసుకు బయల్దేరేదాకా సాగేది. తలుపులు తీసి ఉంటే మాకూ వినిపించేది.

"ఉన్నాడనేవాళ్లు రుజువు చూపించాలి నాన్నా. లేడనేవాడికి ఆ బాధ్యత లేదు."

"రుజువా? నువ్వు నిద్రపోతాంటే నీ గుండెకాయను కొట్టించేది యెవురురా? నువ్వేనా?"

"ఎలక్ట్రికల్ సిగ్నల్ నాన్నా అది."

"ఆ సిగ్నలు యాడ్నుంచి వచ్చెరా?"

ఎటూ తేలనప్పుడు ఇద్దరూ వంటింటి వైపు తిరిగేవారు. "సక్కుబాయీ, నువ్వు చెప్పు. దేవుడున్నాడా?" అని సురేంద్ర అడిగితే ఆమె పోపు గరిటె పట్టుకుని నవ్వేది.

"నన్నడిగితే నేనేం జెప్త సారూ. మాకు పోచమ్మ ఉన్నది. ఆమెకు ఆకలైతది, కోపమొస్తది. ఏడాదికొకపారి బోనమెత్తుకుని పోతం. పెద్దసారు దేవుని లెక్క అన్నీ ఎర్కున్నామె గాదు."

"అది గ్రామదేవత తల్లీ. పరమాత్మ వేరే," అనేవారు పెద్దాయన.

"చూశావా, నీ దేవుళ్లలోనూ మేనేజర్లూ టీం లీడర్లూ ఉన్నారు," అని సురేంద్ర పెద్దగా నవ్వేవాడు.

సక్కుబాయికి ఆ వాదనలంటే ఇష్టం. సగం అర్థం కాకపోయినా చెవి అటే పెట్టి కూర తరిగేది. ఇంటికి వెళ్లి ఇద్దరి గొంతులూ అనుకరిస్తూ కూతురికి చెప్పేది. ప్రశాంతి పడి పడి నవ్వి, "ఆళ్లిద్దరికి పని తక్వైందే అమ్మా," అనేదట. ఆ మాట నాకు చెప్పి సక్కుబాయి మళ్లీ నవ్వేది. ఇద్దరూ మంచివాళ్లేనని ఆమె నమ్మకం. పెద్దాయన ఆమెను ఒక్కనాడూ పేరుతో పిలవలేదు, తల్లీ అనేవారు. సురేంద్ర ప్రశాంతికి తన పాత లాప్‌టాప్ ఇచ్చాడు.

నిరుడు శ్రావణంలో వానలు విడవకుండా పడ్డాయి. సక్కుబాయి వాళ్ల గది పక్కనే ఎవరో అపార్ట్‌మెంటుకని సెల్లారు గుంత తవ్వి పని ఆపేశారు. గుంత నిండా నీళ్లు. బస్తీలో ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు. ప్రశాంతికి మంగళవారం మొదలైంది. బస్తీ డాక్టరు మాత్రలిచ్చాడు. శనివారం తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది. గండం గడిచిందనుకుని సక్కుబాయి పనికి వచ్చింది. ఆ రోజు ఎదురింట్లో పని ఎక్కువ. శ్రావణ శనివారం, పెద్దాయన భజన బృందం పద్నాలుగు మంది భోజనానికి వస్తున్నారు. పులిహోర, చక్కెర పొంగలి, వడలు, పప్పుచారు.

పదిన్నరకు ప్రశాంతి ఫోన్ చేసింది. "అమ్మా, కడుపుల మస్తు నొస్తున్నదే. రెండు పార్లు కక్కుకున్న. వస్తవా?"

సక్కుబాయి పొయ్యి తగ్గించి హాల్లోకి వచ్చింది. "పెద్దసారూ, బిడ్డకు బాగలేదంట. నేను పోత. వడలొక్కటే మిగిలినయి."

పెద్దాయన పటాలకు పూలు పెడుతున్నారు. వెనక్కి తిరిగి, "గంటలో అయిపోతాది గదా తల్లీ," అన్నారు. "స్వామి పని మధ్యలో వదిలిపెట్టి పోతారా? నీ బిడ్డను ఆయనే చూసుకుంటాడు. ఆయన కంటే బాగా నువ్వు చూసేది ఏముండాది?"

మాటలు విని సురేంద్ర తన గదిలోంచి బయటికొచ్చాడు. "జ్వరం ఉందా?"

"లేదు సారూ, పొద్దుగాల్నే తగ్గింది."

"తగ్గిందంటే మంచిదే కదా. వైరల్ ఫీవర్ ఇది, ఊరంతా ఉంది. వీక్‌నెస్ వల్ల వాంతులవుతాయి. ఓఆర్ఎస్ తాగమను. ఊరికే భయపడి తాయెత్తులూ గీయెత్తులూ కట్టించకు. సాయంత్రం నేనే కారులో టెస్టుకు తీసుకెళ్తా."

చదువుకున్నవాళ్లు ఇద్దరు, రెండు దారుల్లో వచ్చి ఒకటే మాట చెప్పారు. సక్కుబాయి ఉండిపోయింది. కూతురికి ఫోన్ చేసి, "జర ఓర్సుకో బిడ్డా, ఒంటిగంట వరకు వస్త," అంది. భజన ఆలస్యమైంది. భోజనాలు రెండింటిదాకా సాగాయి. ఆ రోజు పులిహోర మా ఇంటికీ పంపారు. చాలా బాగుందని చెప్పి గిన్నె కడిగి నేనే తిరిగిచ్చాను. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నేను చూడనే లేదు.

రెండున్నరకు ఇల్లు చేరేసరికి ప్రశాంతి చేతులు మంచులా ఉన్నాయి. చిగుళ్లలోంచి నెత్తురు వస్తోంది. దగ్గర్లో ఉన్న దవాఖానకు ఆటోలో తీసుకెళ్తే నాడి దొరకడం లేదని వెంటనే పెద్ద దవాఖానకు పంపారు. మొగిలి బాలానగర్ నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. అక్కడి డాక్టరమ్మ ఎంతో మెల్లగానే చెప్పింది: "డెంగీలో జ్వరం దిగినాకనే డేంజరమ్మా. వాంతులు మొదలైనప్పుడే తేవాల్సింది. పొద్దున్నే తెచ్చినా వేరుండేది."

ఆదివారం మధ్యాహ్నం ప్రశాంతి చనిపోయింది. పంతొమ్మిదేళ్లు.

సక్కుబాయి పదిహేను రోజుల తర్వాత పనికి వచ్చింది. గదిలో కూర్చుంటే గోడలు మీద పడుతున్నట్టుందని, నలుగురున్న చోట ఉంటే నయమని మొగిలే పంపాడు. ఎదురింట్లో ఇద్దరూ ఆమెను బాగా చూశారు. ఆ సంగతి ఆమే చెప్పింది. పెద్దాయన ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నీ బిడ్డ ఎక్కడికీ పోలేదు తల్లీ. ఆ జన్మకు అంతే రుణం. స్వామి పాదాల కాడ చల్లంగా ఉంటాది," అని కళ్లు తుడుచుకున్నారు. సురేంద్ర విడిగా పిలిచి, "ఎవరో రాసిపెట్టారని, ఏదో పాపమని అనుకోకు. ఎవరూ శిక్షించలేదు నిన్ను. దోమ కుట్టింది, అంతే," అన్నాడు.

"ఇద్దరి మాటలు మంచిగనే అనిపిస్తున్నయమ్మా," అంది ఒకరోజు మా గిన్నెలు తోముతూ. "పిల్ల ఏడనో ఉన్నదనుకోవాలనిపించిన్నాడు పెద్దసారు మాట పట్టుకుంట. దేవుడు నా మీద ఎందుకు పగబట్టిండని కడుపు మండిన్నాడు చిన్నసారు మాట పట్టుకుంట. ఎవ్వలు పగబట్టలేదంటడు గదా."

నెల తిరక్కుండానే పాత వాదన మళ్లీ మొదలైంది. ఈసారి వాదనలోకి ప్రశాంతి వచ్చింది.

"మరి సక్కుబాయి కూతురు సంగతేంటి నాన్నా? అన్నీ చూసే నీ స్వామి ఆ రోజు ఎటు చూస్తున్నాడు?"

"కర్మకు ఆయన సాక్షిరా. అడ్డం రాడు."

"అడ్డం రానివాడు ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

"ఆ పిల్లకు ఎంత మంచి గతి దొరికిందో నీకేం తెలుసు? శ్రావణ మాసం..."

వంటింట్లో సక్కుబాయి వింటూనే ఉంది. ఇదివరకులా ఎవరూ ఆమె వైపు తిరిగి నువ్వు చెప్పు అనలేదు. ఆమె గొంతు పెద్దగా చేసి, "టిఫిన్ పెట్టిన," అంటే ఇద్దరూ వచ్చి తినేవారు. మర్నాడు మళ్లీ అదే.

కార్తీకంలో భజన బృందం మళ్లీ వచ్చింది. భోజనాలయ్యాక సక్కుబాయి మజ్జిగ గ్లాసులు పట్టుకెళ్లేసరికి పెద్దాయన అందరికీ ఒక కథ చెబుతున్నారు. ఒక ఇల్లాలు స్వామి కైంకర్యానికి వంట చేస్తోందట. కన్నబిడ్డ ప్రాణం మీదికి వచ్చిందని కబురొచ్చిందట. అయినా చేతిలో పని వదలలేదట. ఆ భక్తికి మెచ్చి స్వామి ఆ బిడ్డను తనలో కలుపుకున్నాడట. కథ ముగించి, "ఆ తల్లి ఈమే," అని చూపించారు. అందరూ చేతులు జోడించారు. సంయుక్త అనే ఆవిడ లేచి వచ్చి, మజ్జిగ తడి ఉన్న సక్కుబాయి చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

ట్రే ఎక్కడ పెట్టిందో, చెప్పులు ఎలా వేసుకుందో తెలియదు, మా ఇంట్లోకి వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. "నేను పని ఇడ్సిపెట్టలేదంట. దండం పెడుతున్నరమ్మా నాకు. బిడ్డ పిలిస్తే పోనిదానికి దండం పెడుతున్నరు," అంది. ఏడవలేదు. మంచినీళ్లిస్తే తాగి వెళ్లింది.

అది జరిగిన వారానికి లిఫ్టులో రెండో అంతస్తు ఆయనెవరో ఆమెను చూసి జాలిపడ్డాడు. "నీ సంగతి చదివానమ్మా. ఇకనైనా ఈ తాయెత్తులూ మంత్రాలూ నమ్మకండి," అన్నాడు. ఆమెకేమీ అర్థం కాలేదు. నా దగ్గరికి వచ్చి, "చిన్నసారు ఫోన్ల నా గురించి ఏమో రాసిండంట. జర సదివి చెప్పమ్మా," అంది.

ఫోన్ తీశాను. సురేంద్ర రాసింది నేను అంతకుముందే చదివాను. పేర్లు మార్చాడు. తమ వంటామె కూతురికి డెంగీ వస్తే తల్లి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకుండా తాయెత్తు కట్టించిందనీ, పిల్ల వాంతులు చేసుకుంటుంటే పూజకు వంట చేస్తూ కూర్చుందనీ, దేవుడనే ఊహ ఒక చదువుకునే అమ్మాయిని ఇలా చంపేసిందనీ రాశాడు. చివర్లో, ఆ పిల్లకు తన పాత లాప్‌టాప్ ఇచ్చిన సంగతి రాసి, అది ఇప్పుడు ఖాళీగా పడి ఉందని ముగించాడు. పదకొండు వందల మంది మెచ్చుకున్నారు. అందులో నేనొకదాన్ని. ఆఫీసు బస్సులో చదివి, గుండె బరువెక్కి, లైకు కొట్టాను. ఎవరి గురించో నాకు తెలియకపోలేదు. తాయెత్తు సంగతి నిజమేనా అని అడగాలని మాత్రం తోచలేదు.

మొత్తం చదివి వినిపించాను. నా లైకు సంగతి చెప్పలేదు.

ఆమె "తాయెత్తు ఎవ్వలు గట్టిండ్రమ్మా?" అంది. "గట్టియ్యొద్దన్నది ఆయననే. నేను గట్టియ్యలే. బిడ్డ కాడికి పోత అన్న."

మర్నాడు పొద్దున ఎదురింటి తలుపు తీసే ఉంది. తండ్రీకొడుకులు కాఫీ తాగుతున్నారు. సక్కుబాయి వంటింట్లోకి వెళ్లకుండా హాల్లోనే నిలబడింది. ఆమె గొంతు విని నేను మా గుమ్మం దాకా వచ్చాను.

"సారూ, పెద్దసారూ, మీ ఇద్దరికొక మాట జెప్పాలె. దేవుడున్నడో లేడో నాకెర్కలే. మీరు సదువుకున్నోళ్లు, మీరు తేల్చుకోండ్రి. ఇగ నా బిడ్డను మాత్రం అందుల కలపకుండ్రి."

"ఏమైంది తల్లీ?" అన్నారు పెద్దాయన.

"ఏమైందా? ఆ శనివారం నేను పోత అన్న. ఇదే జాగల నిలబడి అడిగిన. స్వామి పని, ఉండు అన్నది మీరు. ఉట్టి జ్వరమే, ఫికర్ జెయ్యకు అన్నది ఈ సారు. నేను ఉన్న. నా తప్పు నేను మోస్తున్న, రోజు మోస్తున్న. మీరేమో ఒకలు దేవుడు తీస్కపోయిండంటరు, ఇంకొకలు దేవుడు లేకనే పోయిందంటరు. మూడు నెలల సంది వింటున్న. ఉండమన్నది మేమే అని ఒక్కనాడన్న అన్నరా?"

పెద్దాయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. సురేంద్ర, "నేను సాయంత్రం టెస్టుకు తీసుకెళ్తానన్నాను కదా సక్కుబాయీ. ఆ పోస్టు నీ గురించి కాదు, సమాజంలో..." అన్నాడు. పెద్దాయన అదే సమయంలో, "నేనేమన్నా బలవంతం చేసినానా? నీ భక్తి కొద్దీ నువ్వే..." అన్నారు. ఇద్దరి మాటలూ ఒకదానిమీదొకటి పడ్డాయి. ఏళ్లుగా వింటున్నాను, ఆ తండ్రీకొడుకులు ఒక పక్కన నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి.

సక్కుబాయి తాళంచెవి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. మా ఇంట్లో కూడా మానేసింది. ఎందుకని నేను అడగలేదు.

సురేంద్ర పోస్టు తీసెయ్యలేదు. పెద్దాయన కథను వేరే భజనల్లోనూ చెప్పారని విన్నాను. కొత్త వంటమనిషి వారంలోగా వచ్చింది. పుప్పాలగూడ గుంతను రోజూ చూడలేనని మొగిలి పట్టుబడితే వాళ్లు మియాపూర్ డిపో వెనక ఒక గదికి మారారు. సక్కుబాయి కొత్తగూడ దగ్గర ఒక కంపెనీ క్యాంటీన్‌లో చేరింది. పొద్దంతా ఉల్లిపాయలు తరగడం. మొగిలి ఏ గుడి కనిపించినా ఆగి నిలబడతాడట, లోపలికి మాత్రం పోడట. ఆమె పోచమ్మ దగ్గరికి వెళ్లడం మానేసింది. "కోపం గాదమ్మా," అంది ఫోన్‌లో ఒకసారి. "ఆమె గూడ నన్ను ఉండమన్నోళ్లల్ల ఉన్నదో లేదో నాకెర్కలే. ఎర్కలేకుండ బోనమెట్ల ఎత్తుత?"

మాఘంలో పెద్దాయన స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనయ్యాక మంచంలోనే. ఎవరు వండినా తినడం లేదని, సక్కుబాయిని అడుగుతున్నారని సురేంద్ర ఆమెకు ఫోన్ చేశాడు. వస్తుందని నేననుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ముందు మా తలుపు కొట్టి, "నువ్వు గూడ రామ్మా," అంది.

పెద్దాయన సగానికి సగం అయ్యారు. నామం వంకరగా ఉంది, ఎవరో పెట్టినట్టున్నారు. ఆమెను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "వచ్చినావా తల్లీ. స్వామే పంపించినాడు నిన్ను."

"ఎవ్వలు పంపలే పెద్దసారూ. మీ కొడుకు ఫోన్ జేస్తే వచ్చిన."

ఆమె వంటింట్లోకి వెళ్లి బియ్యం జావ కాచి తెచ్చింది. చెంచాతో తాగించింది. సగం గిన్నె తాగాక ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "రోజూ నేను స్వామిని వేడుకుంటాండా తల్లీ," అన్నారు. "ఆ పొద్దు నా వల్ల ఏమన్నా తప్పు జరిగింటే క్షమించమని."

"ఆయన్నెందుకు అడుగుతున్నరు?" అంది సక్కుబాయి. గొంతు పెంచలేదు. "ఆయనకు నొయ్యలే గదా. బిడ్డ నాది. నేను మీ ముంగట్నే ఉన్న. నన్నడుగుండ్రి."

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. గుమ్మంలో నిలబడ్డ సురేంద్ర, "సక్కుబాయీ, ఆయన హెల్త్ బాలేదు, ఇప్పుడవన్నీ ఎందుకు," అన్నాడు.

"మీరు గూడ అడగొచ్చు సారూ."

సురేంద్ర తల తిప్పుకుని కిటికీ పరదా సరిచేశాడు. ఆమె గిన్నె ఒడిలో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఐదు నిమిషాలో పదో, నాకు చాలాసేపనిపించింది. పెద్దాయన కళ్లు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. వంగి విన్నాను. గోవిందా, గోవిందా అంటున్నారు.

సక్కుబాయి మిగిలిన జావ మూత పెట్టి, గిన్నె కడిగి బోర్లించి, కొంగుకు చేతులు తుడుచుకుంది. "మళ్లీ వస్తావా?" అని సురేంద్ర వెనకనుంచి అడిగాడు. ఆమెకు వినిపించిందో లేదో తెలియదు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

పెద్దాయన ఇంకా మంచంలోనే ఉన్నారు. శనివారం శనివారం భజన బృందం ఇంటికే వచ్చి పాడుతుంది. సురేంద్ర తన గదిలో తలుపేసుకుని పనిచేసుకుంటాడు.